కాకి దారం మీద నా చొక్కా

రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌గా నా ఆఖరి పోస్టింగు ఇందుకూరుపేట మండలం. నేను చెప్పబోయేది అక్కడికి వెళ్లిన మూడో ఏడు మార్చి నెలలో, అమావాస్యకు ముందు రోజు జరిగింది. ఫీల్డ్ టెక్నీషియన్ అంటే పెద్ద హోదా ఏమీ కాదు. పైన ఏరియా మేనేజరు ఉంటాడు, కింద ఎవరూ ఉండరు. మా మేత వాడే రైతుల గుంటలు తిరిగి, నీళ్లు పరీక్షించి, రొయ్య ఆరోగ్యం చూసి, ఏ పూట ఎంత మేత వెయ్యాలో చెప్పి రావడం పని. పంట బాగుంటే రైతులు మమ్మల్ని సార్ అంటారు. పోతే ఏమంటారో మా ముందు అనరు.

సముద్రం ఒడ్డు గుంటల మీదికి వెళితే వారం పది రోజులు ఇంటి ముఖం చూసేవాణ్ణి కాదు. అయినా నా వెంట ఉండేది ఒక్క చేతిసంచి. అందులో రెండు జతల బట్టలు, ఒక లుంగీ, తువ్వాలు, సగానికి కోసిన బట్టల సబ్బు. ఒక జత ఒంటి మీద ఉంటే ఇంకొకటి ఎక్కడో ఆరుతూ ఉండేది. విప్పిన పూటే ఉతుక్కోవాలి. రేపు చూద్దాంలే అనుకుంటే ఉప్పునీటి వాసన, బురద మరక రెండూ మొండికేస్తాయి. ముందు ప్యాంటు కాళ్లు మంచినీళ్లలో నానాలి, సబ్బు ఆ తర్వాత. పొడి తువ్వాల్లో చుట్టి మెలిపెడితే సముద్రపు గాలికి రెండు గంటల్లో ఆరిపోతాయి. పెద్ద బ్యాగులు మోసుకొచ్చే తోటి టెక్నీషియన్లను పెళ్లికి బయల్దేరారా అని తెగ ఆటపట్టించేవాణ్ణి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా చేత తప్పు చేయించింది ఈ గొప్పే.

మా పనిలో అన్నిటికంటే భయం వైట్ స్పాట్ అనే జబ్బంటే. రొయ్య తల మీది పెంకు కింద సున్నం చుక్కల్లాంటి మచ్చలు కనిపించాయంటే నాలుగైదు రోజుల్లో గుంట ఖాళీ. అది ఒక గుంట నుంచి ఇంకో గుంటకు నీళ్లతో, వలతో, పీతతో, మనిషి కాళ్లతో వెళుతుంది. కాకులు చచ్చిన రొయ్యను ముక్కున కరుచుకుని పోతూ పక్క గుంటలో జారవిడుస్తాయి. అందుకే గుంట మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వరసగా నైలాను దారాలు బిగించి కడతారు. వాటిని మేం కాకి దారం అనేవాళ్లం. అది లేని గుంట కనిపిస్తే రైతును కూర్చోబెట్టి అరగంట క్లాసు పీకేవాణ్ణి.

ఆ రోజు పొద్దున ఒక రైతు పిలిస్తే వెళ్లి చూశాను. జబ్బే. ఎవరికీ చెప్పవద్దని ఆయన నా చేతులు పట్టుకున్నాడు. జబ్బు గుంటలో దిగినవాడు ఆ రోజు మరో గుంట గట్టు ఎక్కకూడదని మా నియమం. అక్కడే స్నానం చేసి, రెండో జత తొడుక్కుని, తడిసిన జతను ప్లాస్టిక్ కవర్లో కట్టి సంచిలో వేసుకున్నాను. గదికి బయల్దేరుతుండగా పెంచలయ్య ఫోన్ చేశాడు.

పెంచలయ్య, అతని భార్య మస్తానమ్మ సముద్రంలో చేపల వేటకు పోయే కుటుంబం వాళ్లు. నడుం దెబ్బతిని అతను పడవ ఎక్కలేకపోయాక ఒక గుంట కౌలుకు తీసుకుని, గట్టు మీది షెడ్డులోనే కాపురం పెట్టారు. నేను వెళ్తుండగానే రెండు పంటలు జబ్బుతో పోయాయి. మూడోది కూడా పోతే గుంట వదిలేసి చెన్నై వైపు కూలికి పోవాలని ఇద్దరూ తేల్చుకున్నారు. రొయ్య పిల్ల వదిలి అప్పటికి యాభై ఐదు రోజులు.

"సార్, ట్రేలో మేత అట్టనే ఉండాది. రొయ్య ముట్టడం ల్యా. ఒకతూరి రాండి సార్" అన్నాడు. స్నానం చేశాను, బట్టలు మార్చాను, ఇంకేముంది అనుకుని వెళ్లాను.

మేత తిన్నాయో లేదో చూడటానికి నీళ్లలోకి దించే వల పళ్లేన్ని ట్రే అంటారు. దాన్ని పైకి తీసి నాలుగు రొయ్యలు వెలుతురుకు ఎత్తి చూశాను. మచ్చలు లేవు, పెంకు మెత్తగా ఉంది. అమావాస్య దగ్గర పడితే రొయ్య పెంకు విడుస్తుంది, ఆ ఒకటి రెండు రోజులు మేత సరిగా ముట్టదు. ఆ మాట చెప్పాక పెంచలయ్య మొహం తేటపడింది. రేపు పొద్దున ఇంకోసారి చూసి పొమ్మని బతిమాలాడు. సరేనన్నాను.

ఎండ ఇంకా ఉండగానే మస్తానమ్మను బకెట్ అడిగి, కవర్లోని జత బయటికి తీశాను. గట్టుకు దూరంగా, ఇసుకలో కూర్చుని ఉతికాను. మురికి నీళ్లు ఒక్క చుక్క గుంట వైపు పోకుండా పారబోశాను. నా జాగ్రత్త చూసి నాకే ముచ్చటేసింది. ఆరేద్దామంటే షెడ్డు ముందు తీగ నిండా వల ఉంది. చుట్టూ చూస్తే గాలికి ఎదురుగా బిగించిన దారాలు కనిపించాయి. ఇన్నేళ్లుగా ఏ ఊళ్లో ఏ దారం కనిపించినా చొక్కా వేసిన చెయ్యి నాది. గట్టు మీద నిలబడి చెయ్యి అందినంత దూరంలో రెండూ ఆరేసి, షెడ్డులో కూర్చుని టీ తాగుతున్నాను.

మస్తానమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. గొంతు పెంచలేదు.

"సార్, కాకి రాకూడదని గదా ఆ దారం కట్టిండేది."

తల తిప్పి చూస్తే ప్యాంటు కాళ్ల నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా గుంటలో పడుతున్నాయి. గ్లాసు కింద పెట్టి పరిగెత్తాను. బట్టలు తీసి బకెట్లో పడేసి వెనక్కి తిరిగేసరికి ఆమె నా వెనకే ఉంది.

"యాడియి సార్ ఆ గుడ్డలు?"

చెమట బట్టలమ్మా అంటే సరిపోయేది. నా నోరు ఆ మాటకు సిద్ధపడింది కూడా. కానీ ఆమె కళ్లలోకి చూసి అనలేకపోయాను. ఊరు, పేరు చెప్పలేదు గానీ, పొద్దున జబ్బు గుంటలో దిగినవేనని చెప్పేశాను. ఆమె గట్టు మీద కూలబడింది.

"రెండు పంటలు పోతే కాకుల్నే తిట్టుకున్న్యాం సార్" అంది.

ఆ రెండు పంటలప్పుడూ ఇదే సంచితో ఇదే షెడ్డుకు వచ్చాను. నా బట్టలు ఎక్కడ ఆరేశానో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. గుర్తుకు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ప్రతి గుంటకు ఒక పుస్తకం ఉంటుంది. మేత, నీళ్లు, మందు అన్నీ ఏ రోజుకు ఆ రోజు అందులో రాయాలి. నేను చేసింది అందులో రాసి సంతకం పెట్టాను. మేనేజరుకు ఫోన్లో చెబితే, ముందు వచ్చెయ్యమన్నారు, తర్వాత ఆ పేజీ అవసరమా అన్నారు. మిగతా గుంటలు వేరేవాళ్లకు అప్పగించండి, నేను వారం ఇక్కడే ఉంటానని చెప్పాను.

సబ్బుకు ఆ క్రిమి బతకదని మా శిక్షణలో చెప్పారు. కానీ నేను జాడించింది ఒక్కసారే. పైగా పెంకు విడిచిన రొయ్యకు జబ్బు తొందరగా అంటుకుంటుంది. రొయ్య ఉన్న గుంటలో బ్లీచింగు చల్లలేం. కొత్త నీళ్లు ఎక్కించకుండా, మేత సగం చేసి, నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగకుండా చూసుకోవడమే మిగిలింది. రోజుకు నాలుగుసార్లు ట్రే తీసి ఒక్కో రొయ్య పెంకు ఒలిచి చూసేవాణ్ణి. పెంచలయ్య మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మస్తానమ్మ మాత్రం మూడు పూటలా అన్నం పెట్టింది. ఆ అన్నం తినడమే నాకు అన్నిటికంటే కష్టమైంది.

నా రెండు జతలూ, సంచిలోని లుంగీతో సహా, బ్లీచింగు నీళ్లలో నానబెట్టాను. పెంచలయ్య లుంగీ కట్టుకుని తిరిగాను. నాలుగో రోజు నా నీలం చొక్కా తీస్తే ఒళ్లంతా తెల్ల మచ్చలు. మస్తానమ్మ దాన్ని ఎత్తి చూసి, "వైట్ స్పాట్ మీ చొక్కాకే వచ్చిందే సార్" అంది. పెంచలయ్య ఫక్కున నవ్వాడు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎనిమిదో రోజు రొయ్యలు నెల్లూరు ల్యాబుకు పంపాం. జబ్బు లేదని వచ్చింది. సబ్బు కాపాడిందో, అదృష్టమో నేను చెప్పలేను.

పంట పట్టే రోజు వెళితే గేటు దగ్గరే మస్తానమ్మ ఆపింది. అక్కడ బ్లీచింగు నీళ్ల బకెట్, మేకుకు ఒక లుంగీ, పెంచలయ్య పాత చొక్కా ఉన్నాయి.

"ముందు గుడ్డలు మార్చుకోండి సార్. ఇయ్యి మీయి. ఈడనే ఉంటాయి, యాడికీ పోవు."

ఆ తర్వాత రిటైరయ్యే దాకా నేను చూసిన ప్రతి గుంట దగ్గరా నాకో జత ఉంచమని అడిగాను. అక్కడే కట్టుకుని అక్కడే ఉతికి, గుంటకు అవతల ఆరేసి వచ్చేవాణ్ణి. కొందరు నవ్వారు, చాలామంది ఉంచారు.

గుంట నుంచి గుంటకు తిరిగేవి మా మండలంలో రెండు ఉండేవి. ఒకటి కాకి, రెండోది నేను. కాకికి దారం కట్టమని ఊరూరా చెప్పింది నేనే. నాకు కట్టాలని తోచింది మస్తానమ్మకు.