ముప్పై మిల్లీలీటర్ల కాఫీ

ఉదయం ఆరూ పదికి మా అప్ప కాటా ఎక్కింది. అది వేసవి మొదట్లో ఒక సోమవారం, డయాలిసిస్ యూనిట్‌లో మొదటి షిఫ్టు. కాటా నలభై తొమ్మిదిన్నర కిలోలు చూపించింది. ఉండవలసింది నలభై ఆరు.

అప్పటికి నేను శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి డయాలిసిస్ యూనిట్‌కి ఇన్‌ఛార్జి హెడ్ నర్సుని. పదవీ విరమణకి ఇంకా రెండేళ్లుంది. యంత్రాల పూచీ టెక్నీషియన్లది. సూదులు, మందులు, మనుషుల పూచీ నర్సులది. రోగి రాగానే మొదట చేసే పని బరువు చూడటం. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండే బరువుని డ్రై వెయిట్ అంటారు. దాన్ని డాక్టరు నిర్ణయిస్తారు. మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయిన మనిషి తాగిన నీరు బయటికి పోదు కనక, ఒక డయాలిసిస్‌కీ మరో డయాలిసిస్‌కీ మధ్య పెరిగిన బరువు దాదాపు అంతా నీరే. ఆ నీటిని యంత్రం నాలుగు గంటల్లో తీయాలి. రెండు కిలోల దాకా తీస్తే ఆ ఒళ్లు తట్టుకుంటుంది. మూడున్నర తీయబోతే బీపీ పడిపోతుంది, కాళ్లు పట్టేస్తాయి, గుండె అలిసిపోతుంది.

మా వైపు అక్కని అప్ప అంటాం. అప్ప నాకంటే ఏడేళ్లు పెద్ద. విజయనగరంలో ముప్పై ఏళ్ల పైచిలుకు గాత్రం నేర్పింది. బావగారు పోయిన కొన్నాళ్లకి మూత్రపిండాలు చెడిపోయి, నా దగ్గరికి వచ్చేసింది. నేను పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో మేమిద్దరమే. ఇక్కడ కూడా డయాలిసిస్ లేని రోజుల్లో పొద్దున్నే ఐదారుగురు పాఠానికి వచ్చేవారు. ఆమెకి రోజుకి ఏడు వందల యాభై మిల్లీలీటర్లు అనుమతి. చారు, మజ్జిగ, మాత్రలు మింగే నీళ్లు అన్నీ అందులోనే.

ఏం తాగావని అడిగాను.

"కాఫీ తాగేను. నిన్న మూడు, మొన్న మూడు. స్టీలు గ్లాసుతోనే. దాచడానికేటుందే, నీ కాటా చెప్పేస్తాది కదా" అంది.

పక్క మంచం సింహాచలం గారిది. పలాస అవతల జీడితోట రైతు. మా అప్పని పాటల మేడమ్మ అనేవారు. ఆయన అటు తిరిగి నవ్వుకోవడం కనిపించింది. ఆయన బరువూ ఆ రోజు ఎక్కువే.

మూడో గంటలో అప్ప బీపీ పడిపోయింది. కుడికాలి పిక్క రాయిలా బిగిసింది. ఇలాంటప్పుడు నీరు తీయడం ఆపి, కొంత సెలైన్ తిరిగి ఎక్కిస్తాం. అంటే రోగి అంత బాధా పడి, నీరు పూర్తిగా పోకుండానే ఇంటికి వెళ్లాలి. మర్నాడు ఇంకోసారి రమ్మన్నారు డాక్టరు.

ఆ సాయంత్రం అప్ప నాతో నెమ్మదిగానే మాట్లాడింది.

"చిన్నీ, పొద్దున్న కాఫీ లేకపోతే నా గొంతు లేవదు. గొంతు లేవకపోతే పాఠం లేదు. పాఠం లేకపోతే ఆ మంచం మీదకి రావడమెందుకే?"

అప్ప బెదిరించే మనిషి కాదు. మానేస్తానంటే మానేస్తుంది. మా యూనిట్‌లో డయాలిసిస్ మానేసిన వాళ్లు కొద్ది వారాలకి మించి బతకడం నేను చూడలేదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

మా ఉద్యోగంలో దీనికి ఉన్న పద్ధతి తగ్గించడం. అదే చేశాను. మామూలు ఫిల్టర్ కాఫీనే అదే స్టీలు గ్లాసులో సగానికి పోసి ఇచ్చాను. అప్ప గ్లాసు వంచి లోపలికి చూసి, అడుగునున్నది కాఫీయా మరకా అని అడిగింది. మన ఇంటికి వచ్చిన వాళ్లెవరికీ సగం గ్లాసు ఇచ్చిన పాపాన పోలేదంది. తాగింది. తాగాక, నేను డ్యూటీకి వెళ్లిన తర్వాత మిగతా సగం కలుపుకుని తాగింది. బుధవారం కాటా ఆ మాట చెప్పింది.

నెలకోసారి విశాఖపట్నంలో నెఫ్రాలజిస్టుకి చూపించేవాళ్లం. ఆ నెల తిరిగి వస్తూ భోగాపురం దగ్గర కారు ఆపించాను. విమానాశ్రయం పనులు మొదలయ్యాక హైవే పక్కన కొత్తగా వెలిసిన దుకాణాల్లో అదొక కాఫీ దుకాణం. అప్ప పక్క బల్ల మీద చిన్న కప్పు చూసి, తనకి అదే తెమ్మని చెప్పింది. అది ఎస్‌ప్రెస్సో. బొటనవేలు పట్టేంత కప్పులో, నిండుగా, పైన గోధుమరంగు నురగతో తెచ్చి పెట్టారు.

"ఇదేటే, తీర్థమా?" అంది అప్ప.

మా తాతగారు గుళ్లో అర్చకులు. ఉద్ధరిణితో పోసే తీర్థం ఎంతో మా ఇద్దరికీ తెలుసు. అప్ప అందులో పంచదార వేసుకుని మూడు గుక్కల్లో తాగింది. కప్పు బల్ల మీద పెట్టింది.

"కాఫీ అంతా ఇందులోనే ఉంది, నీళ్లే లేవు" అంది. కాసేపటికి, "నిండుగా ఇచ్చాడు" అంది.

దుకాణంలో అడిగితే ముప్పై మిల్లీలీటర్లన్నారు. ఒక స్టీలు గ్లాసు కాఫీ నూటయాభై. ముప్పై కాఫీ, ముప్పై పాలు చొప్పున రెండు పూటలా ఇచ్చినా నూట ఇరవై. ఒక గ్లాసు కన్నా తక్కువ. కారులోంచే నెఫ్రాలజిస్టుకి ఫోన్ చేశాను. రెండు కప్పులకి ఒప్పుకున్నారు. మూడోది అడగవద్దన్నారు.

ఆ కాఫీ చేసే యంత్రం కొనడానికి ఒక ఆదివారం విజయనగరం వెళ్లాం. అంతకు ముందు వారం రోజులు నేను వాటి సంగతి చదివాను. చదువుతుంటే కొత్తగా ఏమీ అనిపించలేదు. వెచ్చజేసిన నీటిని పంపుతో ఒత్తిడి పెట్టి ఒక వడపోత గుండా పంపడం, ఎంత బయటికి వచ్చిందో కొలవడం, గొట్టాల్లో పేరుకున్న సున్నం కడగడం. ఇవన్నీ మా యూనిట్ పనులే.

దుకాణంలో నాలుగు రకాలున్నాయి. మొదటిది చేత్తో మీట నొక్కేది. కరెంటు అక్కర్లేదు, ధర తక్కువ. కానీ అప్ప ఎడమచేతికి ఫిస్టులా ఉంది. సూదులు గుచ్చడానికి వీలుగా ఆపరేషన్ చేసి ధమనినీ సిరనీ కలిపిన చోటు అది. ఆ చేత్తో బరువు మోయకూడదు, బలం పెట్టి నొక్కకూడదు. ఒంటి చేత్తో ఆ మీట దిగదు. రెండోది అన్నీ తానే చేసుకునేది. గింజలు విసురుతుంది, పాలు పీల్చుకుంటుంది. ఆ పాల గొట్టం విప్పి చూపించమన్నాను. సగం దాకానే విప్పగలిగారు. శుభ్రం చేయలేని గొట్టమున్న యంత్రాన్ని ఇంట్లో పెట్టుకోలేను. మూడోది ఒక్కొక్క కప్పుకి ఒక్కొక్క చిన్న డబ్బీ పెట్టేది. దాన్ని అప్పే కాదంది. రోజుకి పద్నాలుగు మాత్రలు మింగుతున్నాను, కాఫీ కూడా మాత్రల్లోనే తాగమంటావా అంది.

నాలుగోది పంపుతో నడిచే సగం ఆటోమేటిక్. పొడి మనం వేసుకోవాలి. పొడి వేసే పిడి గిన్నె బిగించడానికి కుడిచెయ్యి చాలు. బొత్తాం నొక్కితే, మనం నిర్ణయించిన కొలత దగ్గర అదే ఆగుతుంది. అమ్మే అతను ఇరవై బార్ల ఒత్తిడి అని రెండుసార్లు చెప్పాడు. ఇరవై బార్లు పంపు దగ్గరా, పొడి దగ్గరా అని అడిగాను. పంపు పెట్టగలిగే ఒత్తిడి వేరు, వడపోత దగ్గర ఉండే ఒత్తిడి వేరు. పొడి దగ్గర తొమ్మిది చాలు. అతనికి తెలియదన్నాడు. నిజం చెప్పాడు కనక మిగతా ప్రశ్నలు కూడా అడిగాను.

నాకు అసలు కావలసింది ఒక్కటే. ప్రతిసారీ ఒకే కొలత దగ్గర ఆగుతుందా లేదా. సంచిలోంచి దగ్గుమందు సీసాతో వచ్చే కొలత కప్పు తీసి, ఐదుసార్లు నొక్కమన్నాను.

"మేడమ్, కాఫీ తాగడానికేనా, ల్యాబ్ పెడతారేటి?" అన్నాడు.

"మా చెల్లి కొలవనిదేదీ నా గొంతు దిగదు బాబూ. నొక్కు" అంది అప్ప.

ఐదుసార్లలో తేడా రెండు మిల్లీలీటర్లకి మించలేదు. కొన్నాం.

మొదటి మూడు రోజులూ కాఫీ రాలేదు. నేను ఇంట్లో ఉన్న ఫిల్టర్ పొడే వేశాను. అందులో చికోరీ కలిసి ఉంటుంది. తడవగానే జిగురుగా ముద్ద కట్టి నీటిని పోనివ్వదు. పంపు మూలుగుతోంది, చుక్క రాదు. రక్తాన్ని వడకట్టే డయలైజర్‌లో రక్తం గడ్డకడితే మా యంత్రం ఇలాగే మూలుగుతుంది. చికోరీ లేని అరకు కాఫీ పొడి, సన్నగా విసిరించి తెచ్చాక కాఫీ దిగింది. దిగింది గాని అప్పకి నచ్చలేదు. ఏదో లేదంది. పొడి మార్చాను, కొలత మార్చాను. చివరికి ఆమే, నీళ్లు ఏవి పోస్తున్నావని అడిగింది. ఆర్వో నీళ్లు. డయాలిసిస్‌కి నీళ్లు ఎంత శుద్ధంగా ఉంటే అంత మంచిది. అందులో సున్నం ఉంటే రోగి వాంతులు చేసుకుంటాడు, బీపీ పెరుగుతుంది. ఇన్నేళ్ల ఆ అలవాటుతో ఇంట్లో యంత్రానికీ అవే పోశాను. కాఫీకి మాత్రం నీళ్లలో కొంచెం ఖనిజం ఉండాలట. అప్ప చెప్పాక వెతికి చదివాను. మూడు వంతులు ఆర్వో, ఒక వంతు కాచి వడకట్టిన కుళాయి నీళ్లు కలిపాక, ఇప్పుడు కుదిరిందంది.

పాలు మాత్రం పొయ్యి మీదే కాచేవాళ్లం. యంత్రానికి పాలు వేడి చేసే ఆవిరి గొట్టం ఉంది. ఆవిరి పాలలో చల్లారితే నీరవుతుంది. ఆ నీరు కూడా లెక్కే.

తర్వాతి సోమవారాల్లో అప్ప బరువు నలభై ఎనిమిది దాటలేదు. ఒకటి రెండుసార్లు మాత్రమే దాటింది. ఒకసారి పెళ్లి భోజనం, ఒకసారి ఎండ. కాఫీ కారణం కాదు. పాఠాలు సాగాయి.

యూనిట్‌లో ఈ సంగతి తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. సింహాచలం గారు సూదులు వేయించుకుంటూ అప్పని పలకరించారు.

"ఏటి మేడమ్మా, కాపీ మిషను కొన్నారంట. మనకి ఈ మిషను సాలదేటి?"

"దీనికి నేను రక్తమివ్వాలి. అది నాకు కాఫీ ఇస్తాది" అంది అప్ప.

ఆయన చాలాసేపు నవ్వారు. షిఫ్టు అయ్యాక, సూదులు తీసిన చోట నేను గాజుగుడ్డ ఒత్తి పట్టుకుని ఉంటే, నవ్వకుండా నన్ను అడిగారు.

"మరి నా అంబలికి ఏటి మిషనుంది సిస్టరమ్మా?"

చోడి అంబలి, అంటే రాగి జావ. ఆయన పుట్టినప్పటి నుంచీ పొద్దున్నే తాగినది. మేం మొదటి రోజే ఇచ్చిన కాగితంలో వద్దన్న వాటిలో అది ఉంది. రెండేళ్లుగా వద్దంటున్నాం, రెండేళ్లుగా ఆయన తాగుతూనే ఉన్నారు. ప్రతి సోమవారం మూడు కిలోలు ఎక్కువతో వస్తూనే ఉన్నారు. ఎంత తాగుతారని ఎవరం అడగలేదు. అడిగితే చెంబుడన్నారు. డాక్టరు గారితో మాట్లాడాను. ఆయన రక్తపరీక్షలు చూసి, వారంలో మూడు రోజులు, చిన్న గిన్నెడు, చిక్కగా తాగవచ్చన్నారు. చిన్న గిన్నె కొనుక్కోమన్నాను. నిండా పోసుకోమన్నాను. చెంబులో అడుగున పోసుకోవద్దన్నాను.

"గిన్నెడైతే గిన్నెడే. దొంగతనంగా తాగక్కర్లేదు, అదే సాలు" అన్నారాయన.

ఆయన బరువు అప్పలాగా వెంటనే దారికి రాలేదు. కానీ తగ్గింది. ఆ తర్వాత కొత్త రోగి చేరినప్పుడు వద్దన్న వాటి కాగితం ఇచ్చే ముందు ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టాం. మీరు వదలలేనిది ఏమిటి? ఒకరు మజ్జిగన్నారు, ఒకరు టీ అన్నారు, ఒకామె చల్లటి కుండనీళ్లంది. డాక్టరు ఒప్పుకున్నంత మేరకి దాన్ని రోజు కొలతలో మొట్టమొదట రాసేవాళ్లం. మిగిలిన దాంట్లోంచే చారుకీ మాత్రలకీ పంచేవాళ్లం. నేను పదవీ విరమణ చేసే నాటికి ఇది యూనిట్‌లో మామూలు పద్ధతి అయింది. ఇప్పుడున్న ఇన్‌ఛార్జి కూడా అలాగే చేస్తోందని విన్నాను.

యంత్రం కొన్న మూడో ఏట, వానాకాలంలో, అప్ప పోయింది. గుండె ఆగింది. డయాలిసిస్ రోగుల్లో చాలామంది అలాగే పోతారు. కాఫీకీ దానికీ సంబంధం లేదని, నేను అడగకముందే డాక్టరు గారు చెప్పారు. ఆ రోజు పొద్దున్న ఆమె ఒక కప్పు తాగింది, ఇద్దరికి పాఠం చెప్పింది.

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నేను రోగులకి నీళ్లు తగ్గించమని చెప్పాను. ఈ ఒక్క సందర్భంలో తెలిసింది వేరు. తగ్గించి ఇచ్చినదాన్ని మనిషి చాటుగా నింపుకుంటాడు. చిన్నదైనా నిండుగా ఇచ్చినదాన్ని నిలబెట్టుకుంటాడు. యంత్రాన్ని ఎంచుకునేటప్పుడు నేను చూసిన కొలత సరైనదే. కానీ ఆ కొలత ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పింది అప్ప.

యంత్రం వంటగదిలోనే ఉంది. నెలకోసారి నిమ్మఉప్పు నీళ్లు పోసి కడుగుతాను, పాడవకుండా. నేను తాగేది ఫిల్టర్ కాఫీ, స్టీలు గ్లాసుతో. మా ఇంట్లో ఇప్పుడు నీళ్లు కొలవడం లేదు.