కుర్చీ వద్దన్న జ్ఞానతల్లి

ఏలూరు పిల్లల సంక్షేమ ఆఫీసులో నేను పనిచేసేటప్పుడు ఆకివీడు నుంచి ఒకావిడ వచ్చేది. చేపల చెరువు కాపలా కాసే దంపతులు చనిపోతే వాళ్ల పాపను మావాళ్లు హోంలో పెట్టారు. ఈవిడ ఆ పాపకు జ్ఞానతల్లి. బాప్తిస్మం నాడు చర్చిలో పాపను ఎత్తుకుని, కన్నవాళ్లు లేకపోతే నేనున్నానని మాటిచ్చిన మనిషి. పాపను తనకివ్వమని అడగడానికే వచ్చేది.

"రక్తసంబంధం ఉందా?" మా ఆఫీసరు సారు ప్రతిసారీ అదే అడిగేవారు.

"దేవుడి ముందు మాటిచ్చానండి."

"చూద్దాం. కూర్చోమ్మా."

"వద్దండి. కూర్చుంటే మర్చిపోతారు."

సాయంత్రం దాకా అలాగే నిలబడేది. చూస్తున్న నాకే కుదురుండేది కాదు.

ఒకరోజు పాపను విచారణకు తెచ్చారు. నేను పాపకు కుర్చీ జరిపాను.

పాప ఆవిడ పక్కకెళ్లి నిలబడింది. "అమ్మ కూర్చున్నాక కూర్చుంటానండి."

ఆవేళ సారు రక్తసంబంధం ఊసెత్తలేదు. పాపను అప్పగించే కాగితాలు సిద్ధం చేస్తానని, వచ్చే వారం రమ్మన్నారు.