నిలవ పాలు

మా అత్తింటివాళ్లది దబీర్‌పురా స్టేషన్ వెనక పాల వ్యాపారం. కొట్టంలో పదకొండు బర్రెలు. పొద్దున పిండిన పాలు సాయంత్రం ఎవరికైనా పోయాల్సి వస్తే మా అత్తకు తల కొట్టేసినట్టయ్యేది. మిగిలితే తోడు వేయాల్సిందే. నిలవ పాలు పోసే ఇల్లు కాదు మాది అని గల్లీ అంతా వినేలా చెప్పుకునేది. ఆ గొప్పే నా కొంప ముంచింది.

తొంభైల్లో ఒక చలికాలం నాకు తొలికాన్పు. పుట్టింట్లో అమ్మ లేదు కనుక అత్తింట్లోనే కన్నాను. ఆడపిల్ల. ఒళ్లో పెట్టుకోగానే పాలు పడ్డాయి, పసుపుపచ్చగా, జిగటగా. అత్త చూసి మొహం చిట్లించింది.

"తొమ్మిది నెలలు లోపట నిలవున్న పాలు బిడ్డా. గవి పసిదానికి తాపుతమా?"

తెల్లపాలు పడేదాకా మూడు రోజులు తన చేత్తోనే పిండి మోరీలో పారబోసింది. పిల్లకు దూది ముంచి చక్కెర నీళ్లు పట్టింది. అదే వారం ఈనిన బర్రె ముర్రుపాలు మాత్రం గంటలోపే దూడకు తాగించింది. అదేంటని అడిగితే బర్రె వేరు, మనిషి వేరు అంది. నిజమే కాబోలు అనుకున్నాను, నా ఖర్మ!

అప్పటికే గల్లీలో చంటిపిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. నల్లా నీళ్ల వల్లేనని ఒకరు, దిష్టి అని ఒకరు. ఏ ఇంటి దండెం మీద పొత్తిగుడ్డలు ఎక్కువ కనిపించినా నాకు గుబులు పుట్టేది. ముందు మూలమీది ఇల్లు, తర్వాత ఎదురిల్లు. పిల్ల పుట్టిన తొమ్మిదో రోజున మా దండెం కూడా నిండింది. ఆటోలో ఆస్పత్రికి చేర్చేసరికే పిల్ల కళ్లు లోతుకు పోయాయి. మర్నాడు పోయింది.

అక్కడి డాక్టరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పుట్టగానే ఏం పట్టారని అడిగింది. చెప్పాను. ఆమె మెల్లగా చెప్పింది. ఆ పసుపు పాలల్లో తల్లి ఒంట్లో తయారైన ప్రోటీన్లు ఉంటాయట. వాటిలో కొన్ని ఈ విరేచనాలు తెప్పించే వైరస్‌ను పట్టేసుకుని, పేగుకు అంటుకోకుండా అడ్డం పడతాయట. మన కన్నీళ్లలో, ఉమ్మిలో కూడా అలాంటివి ఉంటాయట. తాగి ఉంటే బతికేదని చెప్పలేను కానీ, తాగి ఉండాల్సింది అంది.

ఇంటికొచ్చాక ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కోపంతో ఒళ్లు మండిపోయేది, కానీ అత్త మొహం చూస్తే నోరు పెగిలేది కాదు. పచ్చి బాలింతనని వేళకు వేడి అన్నం కలిపి, దగ్గర కూర్చుని తినిపించేది. ఈ సంగతి తెలిస్తే ఆమె బతకదని నా భయం.

నెల తిరిగేసరికి పక్కింటి కోడలు కన్నది. గల్లీలో ఏ కాన్పుకైనా మా అత్తనే పిలుస్తారు. ఆమె వెనకే నేనూ వెళ్లాను. అత్త బాలింత పక్కన కూర్చుని పాలు పిండేందుకు గిన్నె దగ్గరికి లాక్కుంది. పసిగుడ్డు నోరు తెరిచి వెతుక్కుంటోంది. చెబితే ఈమె ఏమైపోతుందో, చెప్పకపోతే ఆ బిడ్డ ఏమైపోతుందో.

"పిండకు అత్తమ్మా, తాగనియ్యి. మన బిడ్డకు గవే లేకపాయె," అన్నాను. డాక్టరమ్మ చెప్పిందంతా అందరి ముందే చెప్పేశాను.

అత్త బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, అది పాలు అందుకునేదాకా చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నెల సంది నీకెరికేనా?"

ఊఁ అన్నాను.

"ఎరికుండి నా చేతి బువ్వ తిన్నవా బిడ్డా?"

ఆ రోజు నుంచి అన్నం గిన్నెలు నా ముందు పెట్టి కొట్టంలోకి వెళ్లిపోయేది. రెండువేల సంవత్సరం దాటాక చనిపోయింది. అప్పటిదాకా ఒక్క పూట కూడా తన చేత్తో నాకు వడ్డించలేదు.