మిరుగంలో నిండిన బెంచీలు

మా కాలేజీలో పెట్టిన ఆ తరగతికి ‘సాయం కళాశాల’ అని పేరు. సాయంకాలం నడిచిన మాట నిజమే. సాయం సంగతి నన్ను అడగవద్దు, అందులో తెలుగు చెప్పినవాణ్ణి నేనే.

హైస్కూలు మధ్యలో మానేసినవాళ్లను కాలేజీలో కూర్చోబెట్టి మెట్రిక్ పరీక్షకు తయారు చేయాలని పైనుంచి హుకుం వచ్చింది. అవి యాభైలు ముగిసే రోజులు. ఆలేరు చుట్టుపక్కల అటువంటివాళ్లకు కరువా? మా ప్రిన్సిపాలు గారు వాళ్లను ‘సగం కాలిన ఇటుకలు’ అనేవారు. తాను నిండా కాలినవాడినని ఆయన నమ్మకం. వాళ్లు ముందు గేటునుంచి కాక సైకిళ్ల షెడ్డు పక్కనుంచి రావాలన్నారు. చెప్పులు బయట విడవాలన్నారు. సరస్వతి మీద భక్తితో కాదు, గచ్చు కొత్తదని. పగలు పాఠాలు చెప్పే పెద్దలెవరూ ఈ తరగతికి ఒప్పుకోలేదు. మూడో శ్రేణిలో ఎం.ఏ. గట్టెక్కినవాణ్ణి గనుక, ఒప్పుకోననడానికి కావలసిన యోగ్యత నాకు లేకపోయింది.

వచ్చినవాళ్లలో ముప్పయ్యికి దగ్గరపడ్డ కౌలురైతు ఒకడుండేవాడు. రజాకార్ల గొడవల్లో బడికి తాళం పడ్డనాడు అతను ఎనిమిదో తరగతి. తాళం తీసేనాటికి చేతికి నాగలి వచ్చింది. చదివినంత మేరా ఉర్దూలో చదివాడు గనుక లెక్క ఉర్దూలో చేసుకుని జవాబు తెలుగులో చెప్పేవాడు. బ్లాకాఫీసులో గ్రామసేవక్ కొలువుకు మెట్రిక్ కావాలి. దసరా ముందు జరిగే ఆ పరీక్ష తప్పితే వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. పొలానికే పట్టా లేనివాడికి చదువు పట్టా ఏమిటని ఊళ్లో నవ్వారట. అతని భార్య మాత్రం, “రెండిట్ల ఒక్కటన్న పట్కరా” అందట.

పరీక్ష దరఖాస్తు మీద ప్రిన్సిపాలు గారి సంతకం ఉండాలి. హాజరు తగ్గినవాళ్లకు సంతకం లేదని ఆయన మొదటిరోజే ప్రకటించారు.

మృగశిర కార్తె వచ్చింది. మా వైపు దాన్ని మిరుగం అంటాం. తొలివాన పడిన మర్నాడే గొర్రు కట్టి గింజ వేయాలి. ఆ తడి ఆరితే ఏడాది తిండి ఆరినట్టే. ఒకనాడు పాఠం అయ్యాక ఆ రైతు ఆగాడు.

“సార్, మబ్బు పట్టింది. వాన పడితే నాలుగొద్దులు రాను. నేనే గాదు, ఎవ్వలు రారు.”

“ప్రిన్సిపాలు గారికి చెప్పావా?”

“చెప్పిన. గొర్రు ఎవలికన్న అప్పజెప్పి రమ్మన్నడు.”

“ఎవరికి అప్పజెబుతావు?”

“గదే అడిగిన. బయటికి నడువుమన్నడు.”

వాన పడింది. తరగతి ఖాళీ. పట్నం నుంచి ఈ తరగతి తనిఖీకి ఇన్‌స్పెక్టరు గారు రావడమూ అప్పుడే. ఆయన ఆలేరులో రైలు దిగారని కబురందగానే ప్రిన్సిపాలు గారు నా గదిలోకి ఊడిపడ్డారు.

“ఏమయ్యా, నీ శిష్యులేరీ?”

“విత్తనాలు వేస్తున్నారండీ.”

“ఈ పూటే వేయాలా?”

వానకు మీ కబురు అందలేదండీ, అన్నాను. మనసులోనే లెండి. నా చమత్కారాలన్నీ అక్కడే అచ్చవుతాయి.

ఆయన హాస్టలుకు మనిషిని పరుగెత్తించారు. పీయూసీ పిల్లలు వచ్చారు. వాళ్ల ప్యాంట్లు విప్పించి ధోవతులు కట్టించారు, తలలకు రుమాళ్లు చుట్టించారు. పక్క వీధిలో ఎవరివో గొంగళ్లు తెప్పించి భుజాన వేయించారు. అసలువాళ్లు ఏనాడూ గొంగళ్లతో తరగతికి రాలేదు. ఉతికిన చొక్కాలతో వచ్చేవాళ్లు. ఆ సంగతి ప్రిన్సిపాలు గారికి తెలియదు, ఆయన వాళ్లను చూసింది ఎప్పుడు గనుక!

ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, నిండిన బెంచీలు చూసి మురిసిపోయారు.

“ఇంత వానలోనూ వచ్చారే!”

“ఒక్కరూ ఒక్కపూట కూడా మానలేదండీ,” అన్నారు ప్రిన్సిపాలు గారు.

ముందు బెంచీలో వకీలుగారబ్బాయి ఉన్నాడు. చదువెందుకు మానేశావని ఇన్‌స్పెక్టరు గారు వాణ్ణి జాలిగా అడిగారు.

“గొర్లు కాయమన్నడు సార్, మా బాపు.”

“ఇప్పుడు వాటిని ఎవరు కాస్తున్నారు?”

వాడు ప్రిన్సిపాలు గారివైపు వినయంగా చూశాడు. “ఇప్పుడు మమ్ముల సారే కాస్తుండు.”

ఎంత సంస్కారమని ఇన్‌స్పెక్టరు గారు కళ్లు తుడుచుకున్నారు. సరిగ్గా అప్పుడు మా కౌలురైతు గుమ్మంలో కనబడ్డాడు. పని ముగించుకుని, మోకాళ్లదాకా బురదతో, పుస్తకాలు చంకలో పెట్టుకుని వచ్చాడు. తన జాగాలో ఎవడో కూర్చుని ఉన్నాడు.

“ఇతనెవరు?” అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

“మా తోటమాలి,” అన్నారు ప్రిన్సిపాలు గారు. కాలేజీలో తోట లేదు. తుమ్మచెట్టు ఒకటుంది, దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

రైతు అందరినీ ఒకసారి చూసి, పుస్తకాలు వెనక్కి దాచుకుని వెళ్లిపోయాడు.

దరఖాస్తుల రోజు వచ్చింది. అతని కాగితం నేనే లోపలికి తీసుకెళ్లాను. హాజరు తక్కువంటూ ప్రిన్సిపాలు గారు దాన్ని నావైపు తోసేశారు. నా వెనకనే నిలబడ్డ రైతు ముందుకొచ్చాడు.

“గైర్‌హాజరంటరా సార్? మరి గానాడు నా జాగల కూసున్నదెవలు?”

“అది వేరు.”

“గట్లనా? పట్నం పోయి ఆ పెద్దసారునే అడిగొస్త. ఒక్కపూట మానలేదని ఆయనకు చెప్పింది మీరే గద.”

ప్రిన్సిపాలు గారు తోసేసిన కాగితాన్ని వెనక్కి లాక్కుని, కలం తీశారు.

“జర మంచిగ పెట్టుండ్రి సార్, సంతకం,” అన్నాడు రైతు. “తోటమాలి కాయిదమేనని చులకన జేయకుండ్రి.”

మెట్రిక్ ప్యాసయ్యాడు. మూడో శ్రేణి, నా వంశమే. ఇన్‌స్పెక్టరు గారి మెప్పుదలతో వచ్చిన సొమ్ము పెట్టి ప్రిన్సిపాలు గారు ముందు గేటుకు కమాను కట్టించారు. సాయం తరగతిని మరుసటి ఏడే ఎత్తేశారు.

ఆ పై ఏడు వనమహోత్సవానికి బ్లాకాఫీసు నుంచి మొక్కలు తెచ్చిన గ్రామసేవక్‌కు ప్రిన్సిపాలు గారు ఆ కమాను కిందే దండ వేశారు. తమవంటి విద్యావంతులే పల్లెలకు దిక్కని ఉపన్యసించారు కూడా. ముఖం గుర్తుపట్టలేదు.

మెడలో దండతో అతను నా పక్కకొచ్చి, వేపమొక్క నా చేతికిచ్చాడు.

“తోటమాలి అన్నడు గద సార్. పెద్దమనిషి మాట ఒట్టిగ పోవద్దని వచ్చిన. పట్టుండ్రి, గుంత నేను తవ్వుత.”