ఈశాన్యానికి పొంగిన పాలు

రత్నావతికి సొంతిల్లంటే ప్రాణం. ఉండదూ మరి! మలేషియాలో సుంగై సిపుట్ రబ్బరు తోటలో పుట్టిన మనిషి. తండ్రి దినాలు కాకముందే తోటవాళ్లొచ్చి కోటర్సు ఖాళీ చెయ్యమన్నారు. సామాను రోడ్డు మీద పెట్టుకుని తల్లి ఏడ్చిన ఏడుపు ఆమె చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. అందుకే ఇపో పట్నంలో గ్లవ్స్ ఫ్యాక్టరీలో చేరి, లారీ నడిపే శ్రీకుమార్‌ని కట్టుకుని, ఇన్నేళ్లకి ఒక ఇల్లు కొనిపించింది. వరసలో చిట్టచివరిది. కొత్త రంగు, కొత్త టైల్సు, పైగా చవక. ఎందుకు చవకో అడిగే ఓపిక ఆ సంబరంలో ఎవరికుంది!

గృహప్రవేశం నాడు హాల్లో ఇటుకలు పేర్చి పాలు పొంగించారు. పాలు గిన్నె అంచు దాటి, టైల్స్ మీద పడి, ఈశాన్యం మూలనున్న వెనక గది వైపు గబగబా పరుగెత్తాయి. శ్రీకుమార్ మేనత్త దేవుడమ్మ చప్పట్లు కొట్టి, మాట చివర 'లా' తగిలించే మలేషియా అలవాటుతో అంది.

"ఓలమ్మో, సూసినారా! ఈశాన్యానికే పోయినాయి. లచ్చిందేవి నడిసొచ్చినట్టే లా!"

అందరూ దండాలు పెట్టుకున్నారు. అంత మంచి గది కదా అని దాన్ని కూతురు పునితకిచ్చారు. ఆ పిల్లకి ఆ ఏడు పెద్ద పరీక్ష.

వానలు పట్టాక ఆ గది తలుపు బిగుసుకుపోవడం మొదలైంది. దేవుడి దగ్గర కుందిలో నూనె ఒక పక్కకే చేరుతోంది. నేలకీ గోడకీ మధ్య వెంట్రుకంత సందు కనిపించింది. కొన్నాళ్లకి అందులో వేలు దూరింది. పక్కింటి సెల్లప్పన్ తాత ఓ రోజు వాన చూస్తూ, మాటల్లో మాటగా చెప్పాడు. ఈ వీధి చివర ఒకప్పుడు తగరం తవ్విన గొయ్యి, చెరువంత ఉండేదట. మట్టి పోసి పూడ్చి ఇళ్లు కట్టేశారట.

"మావా, ఇల్లు కుంగతాంది. పునితని ముందు గదిలో పడుకోబెడదాం," అంది రత్నావతి మొగుడితో.

"ఏటే నీ బయ్యం? పాలు ఈశాన్యానికి పోయిన ఇల్లు లా ఇది! కొత్తిల్లు కదా, సర్దుకుంటాది."

ఆమె నోరు మూసుకుంది. భయం పోయి కాదు. ఇల్లు మంచిది కాదని తేలితే మళ్లీ సామానుతో రోడ్డు మీద నిలబడాలి. ఆ భయం ఈ భయాన్ని నొక్కి పెట్టింది. కూతురి గదిలో అడుగు పెట్టినప్పుడల్లా మాత్రం ఆ సందులో వేలు పెట్టి చూసేది.

ఒక ఆదివారం సాయంత్రం పొద్దున్నించీ దంచిన వాన వెలిసింది. శ్రీకుమార్ టీ కోసం కూచున్నాడు. రత్నావతి ఇక ఉండబట్టలేక, నేల ఎటు వాలిందో చూపిద్దామని కాచిన పాలగిన్నె తెచ్చి అతని కళ్లముందే నేల మీద వొంపేసింది. పాలు పరుగెత్తి వెనక గది తలుపు కిందకి దూరాయి.

"పిచ్చెక్కినాదేటి? మల్లీ ఈశాన్యమే కదా!" అని నవ్వాడతను.

ఆమె భుజంతో తలుపు తోసుకుని లోపలికెళ్లింది. పునిత మంచం మీద చదువుకుంటోంది. గిన్నెడు పాలు వచ్చాయే, మడుగేది? మంచం కింద టైల్స్ సందులోంచి దిగిపోతున్నాయి. వంగి చెవి పెట్టింది. అడుగున ఎక్కడో, చాలా లోతున, టప్పు టప్పుమని నీళ్లలో పడుతున్న చప్పుడు.

"పునితా! లెగే! బేగి రా!"

"ఎన్న మా? ఏటైనాది? ఉండు, పుస్తకాలు..."

"పుస్తకాలు తగలెట్టే!" అని జబ్బ పట్టి ఈడ్చింది. గడప దాటారో లేదో, వెనక టైల్సు పటపటా పగిలాయి. మంచం తలవైపు మెల్లిగా వొరిగింది. పుస్తకాలు జారాయి, దిండు జారింది, తర్వాత మంచమే పోయింది. కుళ్లిన బురద వాసన గుప్పుమంది.

ముగ్గురూ ఉత్త కాళ్లతో రోడ్డు మీద పడ్డారు. శ్రీకుమార్ కూతురి చెయ్యి వదలడం లేదు.

"లచ్చిందేవి అనుకున్నానే, రత్నా," అన్నాడు ఎలాగో.

రత్నావతికి ఏడుపు కూడా రాలేదు.

"పాలు ఆ రోజే దారి సూపించినాయి, మావా. మనవే దండాలెట్టి, ఆ దారిలో బిడ్డకి మంచం ఏసినాం."