పలకల పెట్టెలో అలక

తెల్లదొరల కాలంలో మద్రాసులో పెరిగిన కుర్రాళ్ళకు ఒక గట్టి నమ్మకం ఉండేది: లోకంలోని తెలివంతా ఆ పట్నంలోనే ఉందని, అందులో సగం తమ దగ్గరే ఉందని. నాకు దానికి తోడు ముక్కుమీద కోపం కూడా. ఆ కోపాన్ని కనీసం వేసవిలోనైనా తప్పించుకుందామని మా నాయన నన్ను మార్కాపురంలో అవ్వ (అమ్మను కన్న తల్లి) దగ్గరకు రైలెక్కించేవాడు.

ఆ ఏడు మా మేనమామ పలకల గని నుంచి వస్తూ, రాళ్ళ సందులో దొరికిన రెండు తలల పాము పిల్లను తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. (ఉన్నది ఒక్క తలే, తోక కూడా తలలాగే మొద్దుగా ఉంటుంది. విషం లేదు.) పలకలు సర్దే చెక్కపెట్టెలో ఇసుక పోసి దాన్ని ఉంచాం. మద్రాసు తీసుకెళ్ళి, చిలకను చూపించి వీధినంతా ఏలుతున్న పక్కింటివాడి నోరు మూయించాలని నా ఆశ. అయితే అది ఏదీ ముట్టదే! అవ్వ నాగుల చవితికి పెట్టినట్టు పాలు, గుడ్డు, చలిమిడి పెట్టింది. నేను జొన్నల గాదెలో ఎలుకపిల్లల్ని పట్టి తెచ్చాను. వాటివైపు తిరిగి చూడనైనా చూడలేదు. చూస్తుండగానే చిక్కిపోతోంది.

"సంతనాటికి తినకుంటే చేన్లో ఇడిసిపెడతా. ఇంట్లో పాము సచ్చిన దోషం నాకొద్దు అల్లుడా" అని మామ తేల్చేశాడు. తర్వాత ఆయనకే ఒక అనుమానం వచ్చింది. ఆ పాము ఆరు నెలలు ఒక తలతో, ఆరు నెలలు రెండో తలతో తింటుందని అక్కడి నమ్మకం. మనం ఇన్నాళ్ళూ వంతు లేని తలకు పెడుతున్నామేమో అన్నాడు. నేను పెద్దగా నవ్వాను. ఆయన అటు పోగానే పెట్టె తిప్పి, తోక ముందు ఎలుకపిల్లను పెట్టి బతిమాలాను, బుజ్జగించాను, చివరికి ఇంగ్లీషులో తిట్టాను. తోక చలించలేదు.

ఆ మంటలోనే, మళ్ళీ కొర్రన్నమేనా అని పళ్ళెం తోసేసి గదిలో కూర్చున్నాను. (ఇది దాదాపు రోజూ జరిగేదే.) మామ బతిమాలాడు, నేను గోడవైపు తిరిగాను. అవ్వ మాత్రం పళ్ళెం గడప లోపల పెట్టి, తలుపు మూసి వెళ్ళిపోయింది. అడుగుల చప్పుడు ఆగగానే గోంగూరతో సహా ఊడ్చేశాను. ఎవరూ చూడలేదు గనక తిన్నట్టు కాదు.

బయటికి వచ్చేసరికి అవ్వ పెట్టెలో ఎలుకపిల్లను వదిలి, పైన గోనెపట్టా కప్పి మూలకు జరుపుతోంది. పాముల సంగతి నీకేం తెలుసని ఎగిరాను.

"పాముల సంగతి నాకేం తెలుసు నాయనా" అంది అవ్వ తాపీగా. "నిన్ను మేపుతుండా గదా. ఇది కూడా అట్లనే. ఎవురూ దాని మొగం సూడబాకండి."

సాయంత్రం పట్టా తీస్తే ఎలుకపిల్ల లేదు. పాము నడుమ మాత్రం ఇంత ఉబ్బు. మామ నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి, "ఇద్దరూ తిన్నారే" అన్నాడు. కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ సంతోషం రానివ్వలేదు.

మద్రాసులో వీధంతా చూడ్డానికి వచ్చింది. వాళ్ళ ముందు అది ఒక్కసారి కూడా తినలేదు. పక్కింటివాడు నవ్వితే నవ్వాడు, పాము మీద మాత్రం నాకు కోపం రాలేదు.

ఇప్పుడు జుట్టు నెరిసినా అలక తగ్గలేదు. నేను మూతి ముడవగానే మా ఆవిడ పళ్ళెం మీద మూత పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్తుంది. ఆమె అవ్వను చూడనైనా లేదు, ఎవరు నేర్పారో మరి. ఆ అడుగుల చప్పుడు ఆగేదాకా నేను ఇసుకలో పడుకున్న పాములా కదలకుండా ఉంటాను.