డజను కప్పులు, ఒకటే సైజు

మా అత్తింట్లో చిల్లర ధరకు ఏదైనా కొనడమంటే పరువు పోవడమే. చార్మినార్ దగ్గర మూడు తరాలుగా గాజుల దుకాణం నడుపుతున్న ఇల్లు. డజనుకు తక్కువ కొనడం ఎవరికీ చేతకాదు. పాప పుట్టాక మలక్‌పేట ఆఫీసులో నా సెలవు అయిపోవస్తుంటే, బ్రెస్ట్ పంపు కావాలని అడిగాను. మా ఆయన దాన్ని కూడా ఇంటి పద్ధతిలోనే తెచ్చాడు.

పంపు ఒకటే. రొమ్ముకు ఆనించుకునే గరాటులాంటి కప్పులు మాత్రం డజను. నయాపూల్‌లో తెలిసిన వ్యాపారి హోల్‌సేల్‌లో ఇచ్చాడట.

"ఇంకో ఇద్దరు పుట్టినా ఫికర్ లేదు," అన్నాడు మా ఆయన, గెలిచి వచ్చినవాడిలా. వాటి సైజేమిటో ఇద్దరం చూడలేదు.

ఆ ఇంటి పొదుపు అంతా దండగ అనను. పాలు కారి జాకెట్టు తడవకుండా పెట్టుకునే ప్యాడ్లు బజారులో కొంటే ధర మండిపోతుందని, మామయ్య పాత పంచెలు కత్తిరించి, నాలుగు పొరలు వేసి అత్తమ్మ కుట్టిచ్చింది. మెత్తగా, హాయిగా ఉండేవి. ఉతికి ఆరేస్తే మళ్ళీ పనికొచ్చేవి. మామయ్య పంచెలు అంత దగ్గరగా పెట్టుకోవలసి వస్తుందని మాత్రం పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పలేదు.

ఆఫీసులో పాత ఫైళ్ళ గదికి గడియ పెట్టుకుని పంపు వేసుకునేదాన్ని. ప్రాణం పోయేది. కప్పు వదులుగా ఉండి చుట్టూ ఉన్న చర్మాన్నంతా లోపలికి లాగేది. అరగంట కూర్చుంటే సీసా అడుగు తడిసేది, అంతే. కనీసం ఆరు నెలలు పాపకు నా పాలే పట్టాలన్నది నా పట్టుదల. రెండు వారాలకే అవి తగ్గిపోతుంటే భయం పట్టుకుంది.

ఇంట్లో అందరూ నిపుణులైపోయారు. మెంతులు, వెల్లుల్లి, పచ్చి బొప్పాయి కూర. "పాలు తప్పినయి," అని మామయ్య తీర్పిచ్చాడు. మా ఆయన పాలపొడి డబ్బాలు పెట్టె లెక్కన ఎంతకిస్తారో కనుక్కొచ్చాడు. చిన్న సైజు కప్పు తెచ్చి చూద్దామంటే, "ఇంట్ల ఇంక పదకొండున్నయి గదా, అవ్వేం జెయ్యాలె?" అన్నాడు.

ఒక ఆదివారం పాపను ఎత్తుకుని దుకాణానికి వెళ్ళాను. కాలేజీ పిల్ల ఒకతె పచ్చగాజుల జత మీద మనసు పడింది. అత్తమ్మ ఆ పిల్ల చేతిని ఒకసారి నొక్కి చూసి, అవి పెద్దవైతాయి, జారి పలుగుతాయి అంది.

"చల్తా ఆంటీ, దేదో," అంది పిల్ల, పరవాలేదు ఇచ్చెయ్యమని.

"నక్కో బేటీ," అని అత్తమ్మ పెట్టె మూసేసింది. ఆ పిల్ల చేతికి సరిపోయేవి ఆ రంగులో లేవు. వచ్చిన బేరం పోయింది. అయినా ఆవిడ మొహంలో ఏ బాధా లేదు.

నాకు ఒళ్ళు మండింది. "చేతికైతే సైజు చూస్తరు, గిరాకీనైనా వాపస్ పంపుతరు. నన్ను మాత్రం డజను తెచ్చినమని గవ్వే పెట్టుకోమంటరు!" అన్నాను, అందరి ముందే.

ఇంటికొచ్చాక అత్తమ్మ గది తలుపు వేసి, "ఏదీ, చూపియ్యి," అంది. కప్పు ఆనించి చూసింది. కందిపోయిన చర్మం కూడా చూసింది. మర్నాడు తనే వెళ్ళి చిన్న సైజు కప్పు, ఒక్కటంటే ఒక్కటి, బేరం ఆడకుండా కొనుక్కొచ్చింది. ధర మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పొద్దంది.

ఆ సాయంత్రం ఆవిడ పక్కన కూర్చునే పంపు వేసుకున్నాను. నొప్పి లేదు. సీసా సగం దాకా నిండింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అత్తమ్మ సీసా చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది.

"నీ మొగడు మూడు నెలల పిల్లగాడున్నప్పుడే నా పాలు ఎండినయన్నరు," అంది. "నలభయ్యో దినం నుంచే నన్ను దుకాణంల గల్లా మీద కూసోవెట్టిండ్రు. పొద్దుగాల పోతే దీపాలు పెట్టినంకనే వచ్చుడు. జాకెట్టు తడిసి అట్ట కట్టేది. కొన్నొద్దులకు తడుసుడు గూడ బందయింది."

ఆవిడ సీసాకు మూత బిగించింది.

"ఒక్కపూట ఇంటికి పోయి పాలిచ్చి రమ్మని ఎవ్వలనలే బిడ్డా. ఇన్నేండ్లు నా పాణంలనే ఏదో తక్కువున్నదనుకున్న."